నూనె తక్కువైన సబ్బు

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో రంగులు, సున్నం, యాసిడ్లు అమ్మే కొట్టు ఒకటుంది. బళ్లలో మహిమల గుట్టు విప్పి చూపించే ప్రదర్శనలకి నా సరుకంతా అక్కడే కొంటాను. పోయిన నెలలో ఓ రోజు సున్నం కట్టిస్తుంటే కొట్టు యజమాని ఉన్నట్టుండి అడిగాడు.

"మాస్టర్‌జీ, వో సాబున్‌వాలీ మాసీ ఆజ్‌కల్ ఆతీ నహీ?"

ఆ సబ్బుల అత్త వానాకాలంలో పోయిందని చెప్పాను. ఆయన బల్ల కింద నుంచి చిరిగిన కాస్టిక్ సోడా పొట్లం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. చిరిగిన పొట్లాలన్నీ ఆవిడ కోసమని పక్కన పెట్టేవాడట. మంచి పొట్లం ఇస్తే ఆవిడకి కోపం వచ్చేదట. మంచి పొట్లానికి బేరం ఆడటానికి ఏముంటుంది?

చనిపోయినవాళ్ల గురించి మంచే చెప్పాలని మనవాళ్లకి ఒక మర్యాద ఉంది. చనిపోయినవాళ్లకి అంతకంటే పెద్ద ద్రోహం లేదని నా అభిప్రాయం. బతికున్నంత కాలం తిట్టి, తిట్లు తిని, వీధి వీధంతా అదరగొట్టిన మనిషిని ఒక్కరోజులో గోడకి తగిలించిన ఫోటో చేసేస్తారు. ఆవిడ నాకు ఫోటోగా అక్కర్లేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వరస క్వార్టర్లలో అందరికీ ఆవిడ అత్తే. ముసలివాళ్లకీ అత్తే, బడికెళ్లే పిల్లలకీ అత్తే. భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది కాబట్టి క్వార్టర్ నిలబడింది. మనిషి పొట్టి. గొంతు మాత్రం ప్లాట్‌ఫారం ఈ చివర మాట్లాడితే ఆ చివర వినబడేది.

అత్త ఆచారాలు చూసి కొత్తవాళ్లు ఆవిడని మహా భక్తురాలనుకునేవారు. నేను కొన్నేళ్లు గమనించి ఒక సంగతి కనిపెట్టాను. అత్త ఆచారం ఎటు వంగినా పొదుపు వైపే వంగేది. శుక్రవారం చేతిలోంచి డబ్బు బయటికి పోకూడదు. శనివారం నూనె కొనకూడదు. మంగళవారం ఏదీ మొదలుపెట్టకూడదు. అమావాస్యనాడు బజారుకెళ్లకూడదు. మిగిలిన రోజుల్లో ఎవరో ఒకరు తుమ్మేవారు. ఏకాదశి ఉపవాసం అందరికీ ఉన్నదే. అత్తకి మాత్రం నెలాఖర్లో ఏకాదశులు ఎక్కువగా వచ్చేవి. దేవుడికి కొబ్బరికాయ మొక్కుకునేది గాని, మొక్కు తీరాక దేవుడితో మళ్లీ బేరానికి కూర్చునేది. "ఆయనకి మాత్రం అన్ని కాయలెందుకురా? పెళ్లాం పిల్లలు తింటారా?" అనేది.

అలాంటి మనిషికి జన్మలో సబ్బు కొనలేదని ఒక గర్వం ఉండేది. భర్త ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చేతులు కడుక్కోవడానికి వర్క్‌షాపు ఇచ్చే సబ్బు ఆయన చేతుల మీద అరగకుండానే ఇంటికొచ్చేది. ఆయన గ్రీజు చేతులు నూలుపీచుతో తుడుచుకుని వచ్చేసేవాడు. కొడుకు మాత్రం తన వంతు సబ్బు వర్క్‌షాపులోనే అరగదీసి వచ్చేవాడు. రైల్వే ఇచ్చిన క్వార్టర్లో ఉంటూ, రైల్వే పాసు మీద ఊరెళుతూ, రైల్వే సబ్బుతో బట్టలుతికిన ఇల్లాలికి భర్త పోయాక మొదటిసారి కిరాణా కొట్లో సబ్బుబిళ్ల ధర వినబడింది. భర్త పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు కంటే ఆ రోజు ఏడ్చిన ఏడుపే ఎక్కువని ఇరుగుపొరుగు చెప్పుకున్నారు. నేను నమ్మను. సగం నమ్ముతాను.

సబ్బు తయారుచెయ్యడం ఆవిడ మనవడి ఫోన్లో చూసి నేర్చుకుంది. ఆ వీడియోలో చెప్పేది ఎవరో తమిళ అమ్మాయి. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన అత్తకి బెంగాలీ వచ్చు, హిందీ వచ్చు, ఒడియాలో పోట్లాడటం వచ్చు. తమిళం మాత్రం ఒక్క ముక్క రాదు.

"మాట అర్థం కాకుండా ఎలా నేర్చుకున్నారత్తా?" అని అడిగాను.

"సెయ్యి కనబడతంది గదరా బావూ. మాటతో ఏటి పని?"

మాటతో పని ఉంది. కొలత మాటలోనే ఉంటుంది. ఎంత నూనెకి ఎంత కాస్టిక్ అని ఆ పిల్ల గొంతు చించుకుని చెబుతూనే ఉంది. అత్త ఆ పిల్ల చేతిగాజులు చూస్తూ కూర్చుంది. పైగా కాస్టిక్ పొట్లం ఒకసారి విప్పితే గాలి తగిలి నీరు కారిపోతుంది. దాచుకోవడానికి కుదరదు. దాచుకోలేనిదాన్ని మిగల్చడం అత్త దృష్టిలో పాపం. కాబట్టి నూనె డబ్బాడున్నా గ్లాసుడున్నా పొట్లం మొత్తం గుమ్మరించేసేది. నూనె సమృద్ధిగా దొరికిన వారం సబ్బు మెత్తగా, మర్యాదగా ఉండేది. నూనె తక్కువైన వారం ఆ సబ్బుతో ఉతికితే బట్టల మురికితో పాటు అరచేతుల తోలు కూడా వదిలేది. అత్త వేళ్లు ఎప్పుడూ తెల్లగా పగిలి ఉండేవి. అడిగితే "సబ్బుకి పవరుంది" అనేది.

పెరటి అరుగు మీద ప్లాస్టిక్ బకెట్టు, కలపడానికి విరిగిన గొడుగు కర్ర, పోతపోయడానికి భర్త టిఫిన్ క్యారియర్. అది అల్యూమినియం కాదు, స్టీలు. అల్యూమినియం గిన్నెని కాస్టిక్ తినేస్తుందని ఒక గిన్నె పోయాక తెలిసింది. ఆ గిన్నెకి ఆవిడ ఏడాదిపాటు సంతాపం పాటించింది. అత్త సబ్బులు ఇడ్లీల్లా గుండ్రంగా, అర్ధరూపాయి రంగులో ఉండేవి. పిట్టగోడ మీద వరసగా ఆరబెట్టేది. కాకి ఒకటి ఎత్తుకుపోయి నాలుగిళ్లవతల వదిలేస్తే, ఆ ఇంటికెళ్లి పోట్లాడి తెచ్చుకుంది.

ఇంతకీ సబ్బుకి నూనె కావాలి. అత్త ఇంట్లో నూనె అనేది పోపు గరిటెకి తడి తగలడం వరకే. మా వీధి మొదట్లో మార్తమ్మ పకోడీ బండి ఉంది. మార్తమ్మది క్రైస్తవుల ఇల్లు. వాళ్ల తాత కాలం నుంచీ ఇక్కడే ఉన్నారు. మొగుడికి ఒంట్లో బాగుండదు. ఇల్లు గడిచేది ఆ బండి మీదే. సాయంత్రం కోడి పకోడీ, ఉల్లి పకోడీ వేస్తుంది. కాగిన నూనె మర్నాడు మళ్లీ వాడదు. ఆ నూనె అత్తకి ఇచ్చేది. బదులుగా రెండు బిళ్లలు తీసుకునేది.

ఇప్పుడు ఆ నూనె తీసుకునే విధానం చెప్పాలి. మార్తమ్మ ఇంటి నీళ్లు అత్త తాగదు. మార్తమ్మ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. గిన్నెకి గిన్నె తగలకూడదు. అందుకని అత్త తన డబ్బా నేలమీద పెట్టి దూరంగా జరిగేది. మార్తమ్మ నిలబడి ఎత్తు నుంచి ధారగా పోసేది.

"ఒలే, తొణక్కుండా పొయ్! సుక్క కిందపడితే నీ బాబు తెచ్చిస్తాడేటి?"

"దగ్గిరికి రానిస్తే తొణకదు గదత్తా."

"దగ్గిరికొస్తే నా మడేటి కావాల?"

ఇది నేను చూస్తూ ఊరుకోగలిగే దృశ్యం కాదు. ఒకరోజు నిలదీశాను. "కోడిని వేయించిన నూనె కదా, మీ మడి బట్టలు దాంతోనే కదా ఉతుకుతున్నారు? ఆ నూనెకి లేని మైల ఆమె చేతికెక్కడిది?"

అత్త తడుముకోలేదు. "కాస్టిక్‌లో పడ్డాక ఏ మైలైనా కాలిపోతాది. అది నిప్పుతో సమానం."

"అయితే కాస్టిక్ కలిపిన సబ్బుతో మార్తమ్మ రోజూ చేతులు కడుక్కుంటోంది. మరి ఆమె చేతి మైల కాలిపోలేదా?"

అత్త నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వు సదూకున్నోడివి. అడ్డదిడ్డంగా అడుగుతావు. నూనె సల్లారిపోతంది, పక్కకి జరుగు."

వాదంలో ఓడిపోయానని ఆవిడ ఎప్పుడూ అనలేదు. పక్కకి జరగమనేది, అంతే. కులం గురించి నేను ఎన్నో సభల్లో పండితులతో వాదించాను. వాళ్లు శ్లోకాలు చదివి అడ్డం తిరిగేవాళ్లు. కాస్టిక్ సోడాని శాస్త్రప్రమాణంగా చూపించిన మనిషి మాత్రం ఈవిడొక్కతే.

ఆ సబ్బుతో ఉతికిన బట్టలకి పకోడీ వాసన వచ్చేదని చెప్పడం మరిచాను. అత్త కొడుకు షిఫ్టుకి సైకిలెక్కితే వీధి కుక్కలు గౌరవంగా గేటుదాకా సాగనంపేవి. వర్క్‌షాపులో పక్కవాళ్లు "దాదా, ఆజ్ టిఫిన్ మే క్యా హై?" అని పొద్దున్నే అడిగేవారు. అయినా మా వరసలో సగం ఇళ్లు అత్త దగ్గరే సబ్బు తీసుకునేవి. చవక కదా. చవకైన దానికి వాసన ఉండదు.

అలా జరుగుతుండగా మాతా పూజ వచ్చింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి ఇంతకంటే పెద్ద పండగ లేదు. ఆడవాళ్లు పసుపులో ముంచిన కోకలు కట్టుకుని, తలమీద అమ్మవారి ఘటాలెత్తుకుని, డప్పులతో వీధులన్నీ తిరుగుతారు. ఘటాలెత్తేవాళ్ల కోకల కోసం కమిటీ తెల్లబట్ట తెస్తుంది. బట్టలోని గంజి పోవడానికి ముందు సబ్బుపెట్టి ఉతికి, తర్వాత గంగాళంలో పసుపు కలిపి ముంచుతారు. ఆ ఏడు ఉతికింది అత్త సబ్బుతో. కుళాయి నీళ్లు మధ్యలో ఆగిపోవడంతో సరిగ్గా జాడించలేదు కూడా. పైగా ఆ వారం మార్తమ్మ అత్తగారి ఊళ్లో ఎవరో పోతే వెళ్లింది. బండి మూతపడింది. పోపుకని దాచిన గ్లాసుడు తప్ప నూనె లేదు. కాస్టిక్ పొట్లం మాత్రం ఎప్పటిలాగే మొత్తం పడింది.

మొదటి కోక పసుపులో ముంచి తీశారు. నెత్తురు ముద్దలా వచ్చింది.

రెండోది కూడా అంతే. ముంచుతున్న ఆవిడ గంగాళం వదిలేసి వెనక్కి పడింది. "ఓలమ్మో! రగతం! అమ్మకి కోపం వచ్చినాది!" ఆ కేకకి వీధంతా పోగైంది.

కమిటీ ప్రెసిడెంటు రిటైరైన టికెట్ కలెక్టరు. దేన్నైనా టికెట్ లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూస్తాడు. ఆయన కోక చివర పట్టుకుని అటూ ఇటూ తిప్పి, విచారణ మొదలుపెట్టాడు.

"ఏ సబ్బుతో ఉతికినారు?"

"అత్త సబ్బు."

"అత్తా, సబ్బులో ఏటి ఏసినావు?"

"నూనె, కాస్టికు. ఇంకేటేస్తారు, బంగారమేటి?"

"నూనె ఎక్కడిది?"

జవాబు అందరికీ తెలుసు. అందరి తలలూ వీధి మొదటి వైపు తిరిగాయి. అప్పుడే ఊరునుంచి వచ్చి బండి తుడుచుకుంటున్న మార్తమ్మ అక్కడే ఆగిపోయింది. వీధిలో సగంమంది ఆ బండి దగ్గర రోజూ సాయంత్రం చేతులు నాక్కున్నవాళ్లే. ఒక్కరికి కూడా ఆ సంగతి గుర్తు రాలేదు. సాయంత్రం పందిరి దగ్గర తీర్పు చెబుతామని ప్రెసిడెంటు ప్రకటించాడు. తీర్పు ఏమిటో మధ్యాహ్నానికే తెలిసిపోయింది. సబ్బంతా ఊరి బయట పాతిపెట్టాలి. ఆ బండి దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. బండి వీధిలోంచి తీసేయాలి. మార్తమ్మ ఏడవలేదు. మూకుడు బోర్లించి దాని మీద కూర్చుంది.

నా రక్తం ఉడికిపోయింది. ఇంటికి పరిగెత్తి సున్నం, పసుపు తెచ్చాను. కుళాయి గట్టు మీద నిలబడి అందరినీ పిలిచాను. పసుపులో సున్నం కలిపి చూపించాను. ఎర్రగా అయింది. "చూశారా? కాస్టిక్ కూడా సున్నం లాంటిదే. సబ్బులో నూనె తక్కువైంది, కాస్టిక్ ఎక్కువైంది. అందుకే ఎర్రబడింది. అసలు ఈ సబ్బులో మార్తమ్మ నూనె లేనే లేదు. ఉండుంటే ఇంత ఎరుపు వచ్చేది కాదు. నిందించాల్సి వస్తే ఆమె నూనె లేకపోవడాన్ని నిందించండి!" అని వీధి దద్దరిల్లేలా అరిచాను.

చప్పట్లు కొడతారని కాదు గాని, కనీసం ఆశ్చర్యపోతారనుకున్నాను. ఒక ముసలమ్మ ఆవలించింది.

"పసుపులో సున్నం కలిపితే ఎర్రబడతాదని మాకు తెల్దేటి బావూ? మా పెళ్లికి పారాణి ఏటితో ఎట్టినారు?"

"మరి తెలిసీ..."

"అది పారాణి. ఇది అమ్మ కోపం. రెండూ ఒకటెలాగవుతాయి?"

ఊళ్లూరా తిరిగి నేను గుట్టు విప్పుతున్న మహిమ ప్రతి ఇంటి వంటగదిలోనూ ఉంది. అది తెలియక కాదు వాళ్లు భయపడింది. తెలిసిన సంగతిని ఎక్కడ వాడాలో అక్కడ వాడకపోవడం మనవాళ్లు తరతరాలుగా సాధన చేసిన విద్య. అజ్ఞానంతో పోట్లాడొచ్చు. జ్ఞానాన్ని భద్రంగా మూటగట్టి అటకెక్కించినవాళ్లతో ఎలా పోట్లాడతాం?

సాయంత్రం పందిరి దగ్గర డప్పులు మోగుతున్నాయి. అత్త తన సబ్బులన్నీ గోనెసంచిలో వేసుకుని వచ్చింది. వచ్చే వానాకాలం దాకా సరిపడే సరుకు. సంచి మూతి రెండు చేతులా బిగించి పట్టుకుని నిలబడింది. ప్రెసిడెంటు గొంతు సవరించుకుని తీర్పు చదవబోయాడు. ఇద్దరు కుర్రాళ్లు సంచి అందుకోవడానికి ముందుకొచ్చారు.

వాళ్ల చెయ్యి సంచి మీద పడిందో లేదో అత్త జుట్టుముడి ఊడిపోయింది.

"ఒరే! ఎవల్రా నా సబ్బు ముట్టుకున్నోడు?"

ఆ గొంతుకి డప్పులు ఆగిపోయి, మళ్లీ రెట్టింపుగా మోగాయి. అత్త ఊగుతోంది. కళ్లు పైకి తేలేసింది. నాలుక బయటికొచ్చింది. ప్రెసిడెంటు గబగబా కండువా నడుముకి చుట్టి చేతులు జోడించాడు. "అమ్మా! తల్లీ! ఎందుకమ్మా కోపం? ఏటి తప్పు జరిగినాది?"

"తప్పు కాదురా, నూనె! నూనె తక్కువ సేసినారు!"

"ఏ నూనె తల్లీ?"

"బండి నూనె! ఆ పిల్ల ఊరెల్తే నాకు నూనె లేకుండా సేసినారు! కాస్టికు ఎక్కువైపోయి నా ఒళ్లు మండిపోతందిరా! అందుకే ఎర్రబడ్డాను!"

మధ్యాహ్నం కుళాయి గట్టు మీద నేను అరిచిన మాటలు పొల్లుపోకుండా అమ్మవారి నోటి వెంట వస్తున్నాయి. ప్రపంచంలో ఏ దేవత అయినా కాస్టిక్ సోడా పేరెత్తిందా? జనం కర్పూరం వెలిగిస్తున్నారు.

"ఏటి సెయ్యమంటావు తల్లీ? సెప్పు, సేస్తాం!"

"ఏటేటా నా కోకలకి ఆ బండి నూనెతో సేసిన సబ్బే కావాల. ఆ బండి కదిల్తే నా ఘటం కదలదు! సబ్బు ఒక్క బిళ్ల పారేసినా ఊరుకోను!"

"ఠీక్ హై తల్లీ, ఠీక్ హై!" అన్నాడు ప్రెసిడెంటు. కంగారులో ఆయనకి రైల్వే భాషే వచ్చింది.

అత్త కింద పడిపోయింది. వేపాకులతో విసిరారు. పంచదార నీళ్లు తాగించారు. పడిపోయినప్పుడు కూడా సంచి మూతి ఆవిడ చేతిలోనే ఉంది. ఆ రాత్రి ఎర్ర కోకలతోనే ఘటాలు ఊరేగాయి. మలంచా రోడ్డు మీద ఆటోలు ఆపుకుని జనం దండాలు పెట్టారు.

మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి అత్త పిట్టగోడ మీద సబ్బులు తిరగేస్తోంది.

"నిజం చెప్పండత్తా. నిన్న పూనిందా?"

"సబ్బు పారేస్తామంటే ఎవలికి పూనదురా?"

"మరి అమ్మవారికి కాస్టిక్ సంగతి ఎలా తెలిసింది?"

"మధ్యాన్నం నువ్వరిసిన అరుపు వీధంతా ఇనబడింది. అమ్మకి మాత్రం సెవుల్లేవేటి?"

"నేను చెప్పినప్పుడు ఎవరూ వినలేదు."

"నువ్వు గట్టెక్కి అందర్నీ తెలివితక్కువోళ్లన్నావు. అమ్మ అలగన్నాదేటి? తన ఒళ్లు మండిందన్నాది. జాలేసింది." ఒక బిళ్ల వాసన చూసి పక్కన పెట్టింది. "నువ్వు మంచోడివే బావూ. నీకు పూనకం రాదు, అదొక్కటే లోపం."

ఈ మాటకి నేను ఇప్పటికీ ఒప్పుకోను. అబద్ధంతో గెలిచిన న్యాయం అబద్ధానికే బలం. అదే మాట ఆ రోజు కూడా అన్నాను. అత్త పక్కకి జరగమంది.

తర్వాత జరిగింది చూస్తే నా మాటే నిజమని తేలుతుంది. ఏటా పూజకి ముందు కమిటీ డప్పులతో మార్తమ్మ బండికి వెళ్లడం ఆచారమైంది. ప్రెసిడెంటు కొత్త స్టీలు బిందె చాస్తాడు. మార్తమ్మ కోడి వేయించిన నూనె పోస్తుంది. ఆయన దాన్ని కళ్లకద్దుకుంటాడు. కాస్టిక్ పొట్లం కమిటీ ఖర్చు. కోకలు ఎర్రబడటం అమ్మ మహిమ. ఎర్రబడేలా చూసుకోవడం అత్త పని. ఒకప్పుడు క్రైస్తవుల నూనె తగిలితే అపచారం. ఇప్పుడు తగలకపోతే అపచారం. దీన్ని సంస్కరణ అనాలో, మూఢనమ్మకానికి కొత్త రంగు వేశారనాలో మా హేతువాద సంఘంలో ఒక సాయంత్రమంతా చర్చించి తేల్చలేకపోయాం.

అత్త మారిందా? మారలేదు. అమ్మవారు ఏరికోరి అడిగిన నూనెని కూడా ఎత్తునుంచి ధారగానే పోయించుకుంది. చివరిదాకా ఆ బండి మీద ఒక్క పకోడీ తినలేదు.

"ఆవిడ చేసిందంతా సబ్బు కోసమే," అని నేను మార్తమ్మతో అన్నాను, అత్త పోయిన కొన్నాళ్లకి.

"సబ్బు కోసమే అయితే సబ్బు పారెయ్యొద్దని ఊరుకునీది మాస్టారూ. బండి మాటెందుకెత్తినాది?"

"బండి పోతే ఉచిత నూనె పోతుంది కాబట్టి."

మార్తమ్మ మూకుడు తోమి బోర్లించింది. "అలగే అనుకోండి. ఆ రోజు నా కోసం నోరు తెరిసినోళ్లు మీరిద్దరే. మీ మాటకి బండి నిలబడలేదు."

ఈ ఏడు మాతా పూజకి అత్త లేదు. సబ్బు ఎవరు చెయ్యాలి? నూనె ఎవరిదో సబ్బూ వాళ్లదేనని కమిటీ తేల్చింది. మార్తమ్మ చిక్కుల్లో పడింది. ఒక మధ్యాహ్నం మా గుమ్మంలోకి వచ్చింది.

"మంచి సబ్బు సేస్తే ఎరుపొస్తాదా మాస్టారూ?"

"బాగా జాడిస్తే రాదు."

"అత్త సబ్బుతో కోకలుతికి ఆడోళ్ల సేతులు పగిలిపోతన్నాయి. ఏటేటా సూస్తన్నాను. నా సేత్తో అది సెయ్యాలనిపించట్లేదు. మరి పచ్చగా వస్తే?"

పచ్చగా వస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అమ్మ అలిగిందంటారు. ఎవరి చెయ్యి పడిందని అడుగుతారు. మళ్లీ అందరి తలలూ బండి వైపు తిరుగుతాయి.

"మంచి సబ్బే చెయ్యండి. ఆ రోజు నేను మీ పక్కన నిలబడతాను," అన్నాను.

"మీరు నిలబడితే ఇంకా బయ్యం మాస్టారూ," అంది.

అయినా కొలత అడిగి తెలుసుకుంది. తూచి కలిపింది. చేతిలో పట్టుకుంటే చెయ్యి మండని సబ్బు మా వీధిలో మొదటిసారి తయారైంది.

మొన్న ఆదివారం కుళాయి దగ్గర గంగాళం పెట్టారు. వీధంతా చుట్టూ చేరింది. బండి దగ్గర మార్తమ్మ నూనె కాగబెట్టి పకోడీ వేస్తోంది గాని, చూపు గంగాళం మీదే ఉంది. నేను మాట ఇచ్చినట్టే ఆమె పక్కన నిలబడ్డాను. బాగా జాడించిన తెల్ల కోక పసుపులో ముంచారు. పైకి తీశారు.

పచ్చగా ఉంది. చామంతిపువ్వులా పచ్చగా ఉంది.

డప్పులవాళ్లు చేతులు పైకెత్తి అలాగే ఆగారు. ప్రెసిడెంటు కోక చివర పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మెల్లిగా తలెత్తి బండి వైపు చూశాడు. మార్తమ్మ చేతిలో జల్లిగరిటె నూనెలోనే ఉండిపోయింది. అందులో పకోడీలు మాడుతున్నాయి.

అప్పుడు, నా ప్రదర్శన చూసి ఆవలించిన ముసలమ్మే ముందుకొచ్చింది. కోక చెంగు చేతిలోకి తీసుకుని తడిమింది. మొహానికి ఆనించుకుంది.

"సల్లగుందర్రా," అంది. "అత్తని తన కాడికి తీసుకుపోనాది గదా. అమ్మ సల్లబడింది."

"అమ్మ శాంతించింది!" అని ప్రెసిడెంటు వెంటనే అందుకున్నాడు. "శాంతించింది!" అని వీధంతా అరిచింది. డప్పులు మోగాయి. ఆడవాళ్లు కోకలుతికిన తమ చేతులు ఒకరికొకరు చూపించుకుంటున్నారు. అప్పుడే కుర్రాళ్లు పొట్లాల కోసం బండి వైపు తోసుకొస్తున్నారు.

నేను ఇక ఆగలేకపోయాను. శాంతించింది అమ్మ కాదు, తూచి కలిపిన కాస్టిక్ అని చెప్పడానికి చెయ్యెత్తి, గొంతు సవరించుకుని నోరు తెరిచాను. మార్తమ్మ వేడి పకోడీ ఒకటి తీసి నా నోట్లో కుక్కింది.

"అత్త ఉంటే మీ నోట్లో సబ్బెట్టీది మాస్టారూ. నేను పకోడీ పెడతన్నాను. తినండి."